జొన్నచేను దాకా చాచిన పడుగు

పొద్దున్నుంచి మా ఇద్దరు పిల్లలు ఒకరితో ఒకరు మాట్లాడుకోవడం లేదు. ఒక బలపం ముక్క దగ్గర మొదలైంది. చిన్నవాడు వంటింటి గడప మీద కూర్చుని, "అమ్మా, అన్నకు చెప్పు, నా బలపం నాకిమ్మని" అంటాడు. పెద్దవాడు చేతికందేంత దూరంలోనే ఉండి, "అమ్మా, తమ్మునికి చెప్పు, అది నాదేనని" అంటాడు. మధ్యలో నేను, చేతిలో గరిటెతో. రాత్రి అన్నాలు తినేటప్పుడు కూడా అంతే. ఉప్పు కావాలన్నా నా ద్వారానే.

మా ఆయనకు ఇది నవ్వులాట. "పొద్దుటికి కలిసిపోతారు, నువ్వు పడుకో" అని తాను పడుకున్నారు. నాకు నిద్ర రాలేదు. పిల్లలకు దగ్గు వస్తే క్షయ అనుకునే మనిషిని నేను, ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ఈ భయం అట్లాంటిది కాదు. అన్నదమ్ములు ఒక పూట మాట్లాడకపోవడం నెలలకు నెలలు సాగడం నేను కళ్ళారా చూశాను. వాళ్ళ మధ్య మాటలు మోసిన పిల్లను నేనే. అందుకని లాంతరు కొంచెం పెద్దది చేసి ఇది రాయడానికి కూర్చున్నాను. రాస్తుంటే భయం కంటే ముందు ఉత్సాహం వస్తోంది. ఏం చేయను, అంత సంబరంగా గడిచిన పొద్దు నా బాల్యంలో మరొకటి లేదు.

మాది సిద్దిపేటకు బండి మీద ఒక పూట దూరంలో ఉన్న ఊరు. మా వీధి అంతా నేతవాళ్ళమే. నాన్నను మేము బాపు అనేవాళ్ళం, ఆయన అన్నను పెద్దబాపు. రెండు ఇళ్ళకూ మధ్య ఒకటే మట్టిగోడ. ఆ గోడకు ఇటు మా మగ్గం, అటు వాళ్ళ మగ్గం. ఒకటి ఆగితే రెండోది వినిపించేది, రెండూ కలిసి ఆడితే ఇల్లే ఊగినట్టుండేది.

మా వీధికి పండగంటే పడుగు సరిచేసే రోజు. మగ్గానికి ఎక్కించబోయే నిలువు నూలును తెల్లవారుతూనే వీధి పొడవునా చాచి, కత్తెర కర్రల మీద నిలబెట్టి, గంజి పట్టించేవాళ్ళు. ముందురోజే వండి పులియబెట్టిన గంజి వాసన ముక్కు దూలాన్ని పట్టుకుని కదిలేది కాదు. కొత్తగా వచ్చిన కోడళ్ళు కొంగు అడ్డం పెట్టుకునేవాళ్ళు. మాకు మాత్రం ఆ వాసన వస్తే ఆకలి వేసేది, ఎందుకంటే ఆ రోజు వచ్చినవాళ్ళందరికీ పెద్ద కుండలో మక్కజొన్న రవ్వతో గట్క వండి, ఉల్లిగడ్డ, పచ్చిపులుసు పెట్టేవాళ్ళు. గంజి మీద కట్టిన తెట్టును ఉప్పేసుకుని దొంగతనంగా తినడం నాకూ, పెద్దబాపు కూతురు అక్కకూ రహస్యమైన విందు.

గంజి పట్టించడం ఒక్క మనిషి పని కాదు. పొడవాటి కుంచెలతో పడుగుకు ఇటొకరు అటొకరు నిలబడి, అడుగు కలిపి నడుస్తూ దువ్వాలి. ఒకసారి గంజి తడిపిన తర్వాత ఇక ఆగకూడదు. ఆరే దాకా దువ్వుతూనే ఉండాలి. ఆపితే పోగులు ఒకదానికొకటి అంటుకుని పడుగంతా చాపలా బిగుసుకుపోతుంది, ఇంటిల్లిపాది శ్రమ మట్టిలో కలుస్తుంది. అందుకే మాలో ఒక కట్టుబాటు ఉండేది. చాచిన పడుగు పక్కనుంచి నేతవాడు ఎవడు పోతున్నా, వాడు ఏ ఊరివాడైనా, ఎంత తొందరలో ఉన్నా, కుంచె చేతికిస్తే పట్టాల్సిందే. పట్టినవాడు అది ఆరే దాకా వదలకూడదు. శత్రువైనా సరే. ఇది ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. ఉగ్గుపాలతో వచ్చింది.

ఆ రోజుల్లో ఊరు రెండుగా చీలి ఉండేది. కోటలాంటి గడిలో ఉండే దొర వైపు కొందరు, దొరకు ఇక వెట్టి చేసేది లేదని తిరగబడ్డ సంగం వైపు కొందరు. మా బాపు వాళ్ళకు అందరికంటే చిన్న తమ్ముడు, మా కాక, సంగంలో చేరి అడవి పట్టాడు. ఒక పగలు కాకతో కలిసి సంగం వాళ్ళు గడి మీద పడి ధాన్యం కొట్లు తెరిచి ఊరికి పంచారు. ఊరంతా గంపలతో పరిగెత్తింది, మా అమ్మ కూడా. ఆ గందరగోళంలో గడిలో ఒక గదికి నిప్పంటుకుంది. ఆ గదిలోనే పెద్దబాపు వేసవంతా నేసి ఇచ్చిన ధోవతుల మూటలు ఉన్నాయి. అన్నీ బూడిదయ్యాయి. అన్నీ మళ్ళీ నేసి ఇమ్మని గడి నుంచి మాట వచ్చింది.

ఆ సాయంత్రం పెద్దబాపు మా వాకిట్లో నిలబడి, "నీ తమ్ముడు నా రెక్కల కష్టం కాలబెట్టిండు" అన్నాడు.

బాపు మగ్గం కింద కాళ్ళు దించే గుంటలోంచి లేవకుండానే, "నీకు తమ్ముడు కాదా?" అన్నాడు.

"కాదు."

"నాకు గూడ అన్న లేడు, పో."

అంతే. ఆ రోజు నుంచి మాటల్లేవు. వాళ్ళ పంతం వాళ్ళది, తిప్పలు మావి. అక్కా నేనూ గోడకు ఇటూ అటూ తిరిగే తపాలా బంట్రోతులమయ్యాము. "మీ బాపుకు చెప్పు, మేక మా పందిరి పాదు తింటున్నది." "మీ బాపుకు చెప్పు, మేకకు పంతాలు తెల్వవని." కొన్నాళ్ళకు మాకు విసుగు పుట్టి మాటలకు కొంచెం మెరుగులు దిద్దడం మొదలుపెట్టాము. ఒకసారి నేను, "పెద్దబాపు నిన్ను గట్క తాగపోదువు రమ్మన్నడు" అని బాపుతో చెప్పాను. బాపు పంచె సర్దుకుని లేచాడు కూడా. గడప దాకా వెళ్ళి, తిరిగొచ్చి, నా చెవి మెలిపెట్టి, "మీ పెద్దబాపు ముచ్చట నాకెరుక. వాడు పిలిస్తే పేరు పెట్టి పిలుస్తడు" అన్నాడు.

ఇద్దరి తల్లి, మా నాయనమ్మ, పగలు ఒక ఇంట్లో, రాత్రి ఒక ఇంట్లో ఉండేది. ఇద్దరినీ తిట్టడానికి వీలుగా.

వానకాలం చివర, జొన్న మనిషెత్తు పెరిగిన రోజుల్లో, నాయనమ్మకు జ్వరం వచ్చింది. కొడుకులు గోడకు చెరో వైపు కూర్చుని దిగులుపడ్డారు. ఆ కబురు ఎట్లా చేరిందో, కాక అడవిలోంచి తల్లిని చూడటానికి వచ్చాడు. వచ్చేసరికి జ్వరం పోయి ఆమె పొయ్యి ముందు కూర్చుని వెల్లుల్లి కారం నూరుతోంది.

"సచ్చినంక రాకపోయినవురా, గిప్పుడెందుకొచ్చినవ్?" అంది కొడుకు తల నిమురుతూ.

అదే రోజు మధ్యాహ్నం దొర పిలిపించిన తుపాకుల గుంపు ఊళ్ళో దిగింది. మా వీధి చివరి చావడిలో మకాం వేసింది. మా వీధిలోంచి బయటికి పోవాలంటే చావడి ముందునుంచే పోవాలి, వేరే దారి లేదు. పోయే ప్రతి మనిషినీ ఆపి, ముఖం చూసి, ఎవరి కొడుకువని అడిగి పంపేవాళ్ళు. కాకను పట్టిస్తే ఏమిస్తారో, దాచితే ఏం చేస్తారో ఊరంతా చాటింపు వేయించారు. దాచిన ఇల్లు కూడా మిగలదన్నారు. కాక మా మగ్గం గుంటలో, నూలు చిలపల కుప్ప కింద ముడుచుకుని ఉన్నాడు. బాపు పైన కూర్చుని నేస్తుంటే, కింద కాక ఆయన కాళ్ళ పక్కన ఉండేవాడు. నేను గట్క ముంత తీసుకెళ్ళి బాపుకు ఇచ్చేదాన్ని, బాపు కిందికి ఇచ్చేవాడు. గుంటలోంచి ఒకసారి, "బిడ్డా, ఉల్లిగడ్డ లేదా?" అని వినిపించింది. భయమూ నవ్వూ ఒక్కసారే వచ్చి నాకు ఎక్కిళ్ళు పట్టుకున్నాయి.

ఎన్నాళ్ళు దాస్తారు? చావడిలో వాళ్ళు ఇల్లిల్లూ సోదా చేయడం మొదలుపెట్టారు. మరుసటి రోజో ఆ మరుసటి రోజో మా వంతు.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళ నాయనమ్మ పెరట్లో గోడ పక్కన తిరగలి బోర్లించి దాని మీదెక్కింది. గోడకు ఇటు బాపు, అటు పెద్దబాపు. మధ్యలో ఆమె తల. అక్కా నేనూ గోడకు అటూ ఇటూ.

"పెద్దోడా, నీ తెల్ల పడుగు గంజికి తయారున్నది. నడిపోడా, నీ ఎర్ర పడుగు తయారున్నది. రేపు పొద్దుగాల రెండు కలిపి కట్టున్రి."

పెద్దబాపు అక్కతో, "మీ నాయనమ్మకు చెప్పు, జ్వరం తలకెక్కిందని. ఎర్ర పడుగుకు తెల్ల పడుగు ఎవడన్న కడ్తడా?" అన్నాడు.

"నేను చెవిటిదాన్ని కాదు, నాకే చెప్పు. ఒక్క పడుగు చాస్తే చావడి కాడికి ఆగుతది. రెండు కలిపితే చావడి దాటి జొన్నచేను గట్టు దాక పోతది. కుంచె పట్టినోడు పడుగెంట ఎంత దూరం పోతే ఎవడడుగుతడు?"

పెద్దబాపుకు అర్థమయ్యేసరికి కొంత సేపు పట్టింది. అర్థమయ్యాక గోడ మీది మట్టిపెళ్ళ ఒకటి గిల్లి పారేశాడు.

"వాడు చేసింది తప్పు" అన్నాడు చివరికి.

"తప్పే."

"దొరకుతే నా ఇల్లు గూడ పోతది."

"పోతది. నీ ఇల్లు నేను గట్టలేదా? మళ్ళ గడ్త. వాన్ని మళ్ళ గనలేను."

గోడ ఇవతల బాపు నోరు తెరిచి ఏదో అనబోయాడు. నాయనమ్మ అటే చూస్తూ ఇటు చేయి విసిరి, "నువ్వు మాట్లాడకు. మీరిద్దరు మూతులు కుట్టుకోన్రి, నాకేం బాధ లేదు. చేతులాడితే సాలు" అంది. తిరగలి దిగి, "గంజి నేను గాస్త" అని వెళ్ళిపోయింది.

తెల్లవారుజామున బాపు కాకను గుంటలోంచి తీసి మీసం గొరిగాడు. ఆ మీసం అంటే ఊళ్ళో పేరు. అది పోయేసరికి కాక ముఖం పొట్టు తీసిన ముంజలా తయారైంది. అక్కా నేనూ నోట్లో కొంగులు కుక్కుకుని నవ్వాము. కాక మావైపు గుడ్లురిమి, తర్వాత తానూ నవ్వాడు. అమ్మ గంజిలో చేయి ముంచి ఆయన ముఖానికీ జుట్టుకూ పూసింది. గంజి రోజు మగవాళ్ళందరూ అట్లాగే ఉంటారు కాబట్టి, కాక వాళ్ళలో ఒకడైపోయాడు. ఎవరైనా అడిగితే, "కోహెడ నుంచి వచ్చిన మా మేనమామ" అని చెప్పాలని నాకు పదేపదే నేర్పారు. నేను నోట్లో అదే మంత్రంలా చదువుతూ తిరిగాను.

ఆకాశంలో మబ్బులు. చినుకు పడితే పడుగు తీసేయాలి, పడుగు తీస్తే కథ ముగిసినట్టే. నాయనమ్మ మబ్బులను కూడా తిట్టింది.

తెల్ల పడుగు కొసనూ ఎర్ర పడుగు మొదలునూ రెండు వెదురుబొంగులకు చుట్టి, ఆ బొంగులను తాడుతో బిగించాలి. అన్నదమ్ములిద్దరూ చెరో కొస పట్టుకుని ముఖాలు తిప్పుకుని నిలబడ్డారు.

"మీ బాపుకు చెప్పు, తాడు వదులుగున్నది" అన్నాడు పెద్దబాపు నాతో.

"మీ బాపుకు చెప్పు, గుంజేటోడు గుంజితే బిగుస్తది" అన్నాడు బాపు అక్కతో.

"నా బొండిగలకెల్లి పానం పోతున్నది మీ ఇద్దరి తోటి!" అన్నాడు కాక పళ్ళ మధ్య నుంచి, కుంచె పట్టుకుని.

వీధి మగవాళ్ళంతా వచ్చారు. ఎవరూ ఏమీ అడగలేదు. ఎరుపూ తెలుపూ కలిసిన పడుగు చావడి ముందునుంచి సాగుతూ, కత్తెర కర్రల మీద కాళ్ళున్న పాములా నిలబడింది. దాని చివరి తాడు జొన్నచేను గట్టు మీద మేడిచెట్టుకు కట్టారు. గంజి కుండలతో మేమిద్దరం వెంట పరిగెత్తుతున్నాము. తెగిన పోగులు అతికించడం మా పనే, సన్న వేళ్ళు కదా. నా వేళ్ళు ఒక చోట నిలవడం లేదు. భయంతోనా అంటే, నిజం చెప్పాలంటే కాదు. బోనాల రోజు డప్పు మోగినప్పుడు కాళ్ళు ఆగవు చూడండి, అట్లా.

చావడిలోంచి ఆ గుంపు నాయకుడు జమేదారు నడుం మీద చేతులు పెట్టుకుని వచ్చాడు.

"క్యా హై యే? ఇంత పొడుగు పడుగేంది?"

పెద్దబాపు చేతులు కట్టుకున్నాడు. గడికి నేసే మనిషి అని జమేదారుకు ఎరుకే. "గడిల పెండ్లికి డేరా చుట్టు కట్టే కనాతు గుడ్డ సాబ్. సగం ఎరుపు, సగం తెలుపు. మధ్యలకెల్లి పోవద్దు సాబ్, తెగితే దొరకు నేనే జవాబు చెప్పాలె."

ఆయన జీవితంలో అబద్ధమాడగా నేను విన్నది అదొక్కటే. ఎంత నున్నగా ఆడాడో! జమేదారు తల ఊపి బీడీ ముట్టించుకున్నాడు. కానీ పక్కనున్న తుపాకీ పిల్లవాడు కదలలేదు. పట్టుమని ఇరవై ఏళ్ళు ఉండవు. ముడి దగ్గర నిలబడి ఎరుపు వైపు ఒకసారి, తెలుపు వైపు ఒకసారి చూశాడు. పోగును రెండు వేళ్ళ మధ్య పట్టి నులిమాడు. ఆ నులమడం చూడగానే మా వీధివాళ్ళకు అర్థమైంది. అది నేతవాడి చేయి. కనాతుకు ఇంత సన్న నూలు ఎవరూ వాడరని, రెండు రంగులు కొసకు కొస కట్టరని ఆ చేతికి తెలుసు.

పిల్లవాడు నోరు తెరిచాడు. "ఇది కనాతు..."

అతని మాట పూర్తి కాలేదు. నాయనమ్మ ఎక్కడినుంచి ఊడిపడిందో, తడి కుంచె తెచ్చి అతని గుండెకు తాకించి పట్టుకుంది.

"నేతోని కడుపున పుట్టి నిలబడి చూస్తున్నవేందిరా? సిగ్గు లేదా? గంజి ఆరుతున్నది, పట్టు!"

పిల్లవాడు పట్టాడు. ఆలోచించి కాదు. చేయి దానంతట అదే పైకి లేచి కుంచెను అందుకుంది. తుపాకీని ఏం చేయాలో తెలియక చుట్టూ చూశాడు. అక్క ముందుకొచ్చి, "ఇటియ్యన్నా, గోడకు పెడ్త" అని దాన్ని తీసుకెళ్ళి మా ఇంటి గోడకు చీపురుకట్ట పక్కన నిలబెట్టింది. జమేదారు చూసి పగలబడి నవ్వాడు. "అరే, నేసే జులాహా తిరిగి జులాహా అయిండు!" అని చావడి అరుగు మీద కూర్చున్నాడు.

దువ్వు మొదలయ్యే తెల్ల పడుగు కొస దగ్గర, ఇవతల ఆ పిల్లవాడు. అవతల జోడీ ఎవరు? ఖాళీగా ఉన్నది మా కాక ఒక్కడే.

ఇద్దరూ కుంచెలు ఎత్తారు. పోగుల మీదుగా ఒకరి ముఖం ఒకరికి మూరెడు దూరం. నేను గంజి కుండ పట్టుకుని వెనకాలే ఉన్నాను. "మేనమామ, మేనమామ" అని నోట్లో తిప్పుకుంటూనే ఉన్నాను, ఎవరూ అడగలేదు. మొదటి దువ్వు కలవలేదు. రెండోది కలిసింది. మూడోదానికి ఇద్దరి అడుగులూ ఒకే తాళానికి పడ్డాయి. షర్ర్ మని కుంచెల చప్పుడు, గంజి తుంపరలు, పులిసిన వాసన. ఇద్దరూ ఎంత బాగా దువ్వారంటే, అక్కడక్కడా నిలబడ్డ ముసలివాళ్ళు తుపాకుల సంగతి మరిచిపోయి, "శబాష్" అన్నారు. జమేదారు కాళ్ళ ముందునుంచే దాటారు. ఆయన కాకను చూశాడు. గంజి ముఖం, గొరిగిన మూతి. బీడీ పొగ వదిలి మబ్బుల వైపు చూశాడు.

మా నడక చావడి దాటింది. ఎర్ర పడుగు మొదలైంది. గట్టు దగ్గరికొచ్చేసరికి ఒక చినుకు నా చేతి మీద పడింది. నాకు ఏడుపొచ్చింది. ఒక్కటే పడింది, ఆగిపోయింది.

మేడిచెట్టు దగ్గర కాక కుంచెను మెల్లగా కత్తెర కర్రకు ఆనించాడు. చిటికెన వేలు చూపించి, "ఇప్పుడే వస్త తమ్మీ" అన్నాడు పిల్లవాడితో. జొన్నలోకి అడుగు పెట్టాడు. ఆకులు కదిలాయి. ఇంకొంచెం లోపల కదిలాయి. తర్వాత అన్నీ ఒకే రకంగా గాలికి కదిలాయి.

పిల్లవాడు చూశాడు. వెనక్కి తిరిగి వీధి అవతలి కొసన మా గోడకు ఆనించిన తన తుపాకీ వైపు చూశాడు. అది ఎంతో దూరంలో ఉంది. కేక వేస్తే చాలు, చావడి దగ్గరే. కానీ అతని ముందు ఎర్ర పడుగు తడిగా మెరుస్తోంది. జోడీ లేక ఒక వైపు పోగులు అప్పుడే బిగుసుకోవడం మొదలైంది. నేను అతని ముఖమే చూస్తున్నాను. అంత దగ్గరగా ఒక మనిషి ముఖంలో రెండు పనులు కొట్టుకోవడం తర్వాత ఎన్నడూ చూడలేదు.

"ఏయ్ పోరీ" అన్నాడు నాతో. "గా కుంచె అందుకో. అవుతల దిక్కు పట్టు. బిగుస్తున్నది."

నేను కాక కుంచె అందుకున్నాను. నా కంటే పొడుగ్గా ఉంది. అతను ఇటు నుంచి దువ్వుతూ, నా వైపుకు వంగి అటు కూడా సర్దుతూ, మేమిద్దరం ఆ పడుగును ఆరే దాకా దువ్వాము. బాపు పరిగెత్తుకొచ్చి నా చేతిలోంచి కుంచె తీసుకునేసరికి ఎండ వచ్చింది. జొన్నచేనులో పిచ్చుకలు తప్ప ఏమీ లేవు.

ఆ మధ్యాహ్నం అందరితో పాటు పిల్లవాడు కూడా మా వాకిట్లో గట్క తిన్నాడు. పెద్దబాపు అతని ఆకులో పచ్చిపులుసు పోస్తూ, "ఎవలి కొడుకువు బిడ్డా?" అన్నాడు.

పిల్లవాడు ఊరు చెప్పాడు, తండ్రి పేరు చెప్పాడు. తండ్రి పోయాడట, మగ్గం పోయిందట, తుపాకీ పట్టుకుంటే రెండు పూటలా తిండి పెడతామన్నారట. చెప్పి, ఆకులోకి చూస్తూ, "నా జోడీదారు మళ్ళ రాలేదు" అన్నాడు మెల్లగా.

ఎవరూ నమలడం లేదు.

"కడుపునొప్పి" అన్నాడు పెద్దబాపు.

"ఊఁ" అన్నాడు పిల్లవాడు. ఇంకో ముద్ద తిన్నాడు. గోడ దగ్గరికి వెళ్ళి తుపాకీ తీసుకుని చావడికి పోయాడు. ఆ సాయంత్రం మా ఇల్లు సోదా చేశారు. మగ్గం గుంటలో ఒక ఉల్లిపొట్టు తప్ప ఏమీ దొరకలేదు.

అన్నదమ్ములు ఇక మాట్లాడుకున్నారు కదా అని మీరు అడుగుతారు. లేదు. రెండు పడుగులనూ విడదీసి ఎవరిది వాళ్ళు చుట్టుకున్నారు. పెద్దబాపు మగ్గం మీద ఎక్కించి చూస్తే, ముడి దగ్గర ఎర్ర గంజి దిగి తెల్ల నూలు గజం పొడవు గులాబీ రంగైంది. "మీ బాపుకు చెప్పు, వాని నూలు రంగు కారుతదని" అన్నాడు నాతో. నేను గోడ ఇవతలికి వచ్చి చెప్పాను. బాపు ముఖం తిప్పుకుని నవ్వడం చూశాను. వాళ్ళు మాట్లాడుకున్నది రాజ్యం మారి, కాక మీసాలతో తిరిగొచ్చిన రోజున. అది కూడా కొట్లాటే. నువ్వు చేసింది తప్పంటే నువ్వు చేసింది తప్పని ముగ్గురూ ఒకే కంచం చుట్టూ కూర్చుని అరుచుకున్నారు. నాయనమ్మ వడ్డిస్తూనే ఉంది.

రాజ్యం మారాక వేట కూడా తిరగబడింది. తుపాకుల గుంపులో పనిచేసినవాళ్ళను వెతికి పట్టుకోవడం మొదలైంది. ఒక రోజు మిట్టమధ్యాహ్నం ఆ పిల్లవాడు పెద్దబాపు ఇంట్లోకి వచ్చిపడ్డాడు. కాళ్ళకు చెప్పుల్లేవు, పెదవులు పగిలిపోయి ఉన్నాయి. వెతికేవాళ్ళు వీధిలోకి వచ్చేసరికి పెద్దబాపు అతన్ని తన మగ్గం మీద కూర్చోబెట్టి, తాను అరుగు మీదకొచ్చి కూర్చున్నాడు. వెతికేవాళ్ళ ముందు నడుస్తున్నది మా కాకే.

"గా నేసేటోడు ఎవడు, అన్నా?" అన్నాడు కాక లోపలికి చూస్తూ.

"మీ వదిన తమ్ముని కొడుకు. కోహెడ నుంచొచ్చిండు."

కాక గడప దాటి లోపలికి వెళ్ళాడు. నేను పెద్దమ్మ వెనక నిలబడి ఉన్నాను. పిల్లవాడు తల ఎత్తలేదు. చేతులు ఆడుతూనే ఉన్నాయి. కాక అతని ముఖం చూడలేదు, చేతులనే చూశాడు. చాలా సేపు చూశాడు. బయటికొచ్చి తన వాళ్ళతో, "ఈడ మనోళ్ళే ఉన్నరు. పాండ్రి" అన్నాడు.

అప్పటి నుంచి ఈ సంగతి మా వీధివాళ్ళం ఎవరమూ బయట పూర్తిగా చెప్పలేదు. కాకను ఎట్లా దాటించారో పూర్తిగా చెబితే అవతల కుంచె పట్టినవాడెవరో చెప్పాలి. అది చెబితే అతను ఎవరో తెలిసిపోతుంది. ఊళ్ళో ఇప్పటికీ ఇటువాళ్ళు అటువాళ్ళు ఉన్నారు, పిల్లనిచ్చేటప్పుడు కూడా అడుగుతారు. పెద్దబాపును గడికి నేసిన మనిషి అని అటువాళ్ళ లెక్కలోనే వేశారు. కాలేజీ సెలవుల్లో ఒకసారి నేను కోపం ఆపుకోలేక, "పెద్దబాపూ, నువ్వెందుకు చెప్పవు? అందరూ నిన్ను ఇన్ని మాటలంటరు" అన్నాను.

"అంటే అననీయ్. నేను వాళ్ళ దిక్కు కాదు, వీళ్ళ దిక్కు కాదు. వాడు నా తమ్ముడు. ఈ పోరడు నా ఇంట్ల అన్నం తిన్నడు. గిది మీటింగుల చెప్పే ముచ్చటనా?" అన్నాడు. అడ్డం పోగు పరిచే నాడెను అందుకుని, "అడ్డం జరుగు, పోగు కనవడ్తలేదు" అన్నాడు.

ఆ పోరడు మా వీధిలోనే ఉండిపోయాడు. మగ్గం పెట్టుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు. ఊరికి ఆయన మా పెద్దమ్మ తమ్ముని కొడుకే. నేను బావా అని పిలుస్తాను.

ఏటా ఒక రోజు మా ఊరి బడి ముందు సభ పెట్టి, ఆ నాటి సంగతులు చెప్పమని కాకను అడుగుతారు. పోయినేడు పిల్లలను తీసుకుని నేనూ వెళ్ళాను. కాక ఇప్పుడు నెరిసిన మీసం మెలేస్తూ చెప్పాడు. మగ్గం గుంట, గొరిగిన మూతి, జమేదారు బీడీ, ఎరుపూ తెలుపూ పడుగు. జనం ఊగిపోయారు. "కుంచె పట్టుకోని నడుసుకుంట నడుసుకుంట జొన్నల వడ్డ" అని ముగించాడు. నేను వెనక వరుసలో బావ పక్కన కూర్చున్నాను. ఆయన ఒళ్ళో చిన్న కూతురు. నేతవాళ్ళ పిల్ల కదా, చప్పట్లు ఆగకముందే పట్టేసింది.

"నాయినా, కుంచె ఒక్కడే పట్టడు గద. అవుతల ఎవలున్నరు?"

బావ చప్పట్లు కొడుతూనే ఉన్నాడు.

"ఎవలో బిడ్డా" అన్నాడు. "నేతోడే అయ్యుంటడు."